కొసరుగా వచ్చిన రెండు పాయింట్లు

మా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు నాపరాళ్ళతో పరిచింది. ఈ మాట చెబితే ఆట తెలిసినవాళ్ళు నవ్వుతారు. నాపరాయి తెలిసినవాళ్ళు నవ్వరు. మాచర్ల వైపు మా ఊళ్ళో ఇళ్ళ నేలలు, గొడ్ల చావిళ్ళు, అరుగులు, ఆఖరికి సమాధులు కూడా నాపరాయే. సిమెంటు కొనాలి, బండ అడిగితే వస్తుంది. పాలిషింగ్ యూనిట్లలో మూల విరిగిన బండల్ని ఎవరూ కొనరు కాబట్టి ఓ పక్కన పేర్చి పెడతారు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మా పీఈటీ సారు ఆ పేర్పులు చూసి, యజమానుల్ని అడిగి, ట్రాక్టర్ల మీద బడికి తోలించాడు. ఒక ఆదివారం మా నాన్నలే వచ్చి పరిచారు. రింగుల స్తంభాలు రాయి కోసే మిషన్లు బాగుచేసే వెల్డరు నిలబెట్టాడు.

కోర్టు చూడటానికి బాగుండేది. ఆడటానికే కొంచెం ఇబ్బంది. బండకీ బండకీ మధ్య పూసిన సిమెంటు మొదటి వానలకే లేచిపోయింది. బంతి బండ నడుమ పడితే బుద్ధిగా పైకి లేచేది, అతుకు మీద పడితే తనకిష్టమొచ్చిన వైపు పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెప్పడం లేదు, నిజంగానే పోయేది. అందుకని సారు మాకు బంతిని నేలకి కొట్టుకుంటూ పరిగెత్తడం నేర్పే ప్రయత్నం మానుకున్నాడు. "చేతిలో ఉంటే మనది, నేలకి తగిలితే బండది" అనేవాడు. మేం బంతిని ఒకరికొకరం విసురుకుంటూనే అవతలి రింగు దాకా పోయేవాళ్ళం. ఎవరు ఎక్కడ నిలబడాలన్నా బండల లెక్కే. రింగు కిందది మొదటి బండ, దాని ముందుది రెండోది, అలా. సారు గోడ పక్కన నిలబడి "రెండో బండకి రా! ఒరేయ్, నువ్వు ఎర్రబండకి పో!" అని అరిచేవాడు. ఆడపిల్లల్ని కూడా ఒరేయ్ అనేవాడు. మాకది గౌరవంగానే ఉండేది.

ఎర్రబండ మా కెప్టెన్‌ది. రింగుకి కుడి పక్కన, ఎర్రటి జీర ఉన్న బండ. దాని మీద నిలబడి ఆమె వేస్తే చూడక్కర్లేదు, పడినట్టే. ఆమె అప్పుడు పదో తరగతి, నేను తొమ్మిది. అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళమ్మా నాన్నా ఇద్దరూ పాలిషింగ్ యూనిట్‌లోనే పని. కోర్టు పరిచిన రోజు ఆడపిల్లల్లో బండ ఎత్తింది ఆమె ఒక్కతే. మనిషి పొట్టి, మాట తక్కువ, కోపం ముక్కు మీద ఉంటుంది. నన్ను జట్టులోకి తీసుకున్నది నా పొడుగు చూసి. నాకు ఆట మీద మొదట్లో అంత ప్రేమేమీ లేదు. ఆటకి పోతే లెక్కల పీరియడ్ తప్పుతుందని పోయాను.

అంతకు ముందు ఏడాది మా జట్టు నరసరావుపేటలో స్కూళ్ళ పోటీలకి పోయి ఒక్క పాయింటు కూడా లేకుండా తిరిగొచ్చింది. ఊళ్ళో నెల రోజులు అదే కబురు. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా గుండుసున్నా అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఆనందించారు. మా నాయనమ్మ అయితే "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట" అని, బంతి వేసేది కూడా ఉట్టిలాంటి దాంట్లోనే అని తెలిశాక, తన సామెత ఇంత బాగా కుదిరినందుకు తానే మురిసిపోయింది.

ఈ రెండో ఏడు బయల్దేరే ముందు హెడ్‌మాస్టరమ్మ మమ్మల్ని ఆఫీసు గది ముందు నిలబెట్టింది. చెడ్డ మనిషి కాదు. ఆడపిల్లల్ని ఊరు దాటించాలంటే ప్రతి ఇంటికీ ఆమే జవాబు చెప్పుకోవాలి, ఆ విసుగు ఆమెది. సారుతో మా ముందే అంది:

"మళ్ళీ సున్నాతో వచ్చారంటే ఇంక ఆడపిల్లల జట్టు లేదు సార్. ఆ బండల మీద సైకిల్ స్టాండ్ వేయిస్తా. ఒక్క గోల్ అన్నా వేసి రమ్మనండి."

బాస్కెట్‌ని గోల్ అంటుందేమిటని మాలో ఒకతి నవ్వబోయింది. కెప్టెన్ అక్క మోచేత్తో పొడిచింది. "వేస్తాం మేడమ్" అంది. గెలుస్తామని ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు. మాకు కావలసింది ఒక్క బాస్కెట్.

పిడుగురాళ్ల మీదుగా బస్సులో నరసరావుపేట చేరేసరికి ఎండ ముదిరింది. మా మొదటి ఆట అక్కడి ప్రైవేటు స్కూలు పిల్లలతో. వాళ్ళలో సగం మంది బజారులో షాపులున్నవాళ్ళ పిల్లలు. ఆట మొదలయ్యే ముందు మెడలో గొలుసులు, చెవులకున్నవి తీసి తల్లుల చేతికిస్తుంటే, ఒక తల్లి అందరివీ తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని జిప్పు లాగి ఒళ్ళో పెట్టుకుంది. మేం తీసి ఇవ్వాల్సినవేమీ లేవు కాబట్టి చున్నీలు నడుముకి బిగించుకున్నాం. వాళ్ళ జెర్సీలు నీలం రంగువి, వీపు మీద ఒక బట్టల షాపు పేరు. ఆ షాపాయన కూడా వచ్చి గీత అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పెద్దాయన, నవ్వు మొహం. మాకు కూడా బత్తాయి తొనలు పంపించాడు.

కోర్టులోకి దిగాక తెలిసింది అసలు సంగతి. అది సిమెంటు కోర్టు. ఒక్క అతుకు లేదు. కిందటి ఏడు మా జట్టువాళ్ళు కూడా ఇక్కడే ఆడారు కానీ, అప్పుడు ఎందుకు ఓడిపోయారో ఎవరికీ అర్థం కాలేదట, భయపడ్డామని సరిపెట్టుకున్నారు. నేను రింగు వైపు చూసి రెండో బండ వెతుక్కున్నాను. బండే లేదు. ఎటు చూసినా ఒకటే నేల. సారు అలవాటు కొద్దీ "రెండో బండకి రా!" అని అరిచాడు. మేం అయిదుగురం అయిదు చోట్లకి పోయాం. అవతలి పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బండ ఏమిటో వాళ్ళకి అర్థం కాక, అదేదో కొత్త ఎత్తు అనుకుని కాసేపు జాగ్రత్తగా కూడా ఆడారు. ఆ తర్వాత అది ఎత్తు కాదని తెలిసిపోయింది.

ఎర్రబండ లేక అక్క ఎర్రబండ ఉండాల్సిన చోటు కోసం నేల చూస్తూ తిరిగింది. ఒక అడుగు ముందు నుంచి వేసింది, ఒక అడుగు వెనక నుంచి వేసింది. బంతి ఒకసారి బోర్డు దాటిపోయింది, ఒకసారి రింగు దాకానే పోలేదు. మేం బంతి నేలకి కొట్టం అని కనిపెట్టాక వాళ్ళ పని తేలికైంది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీదికి ఇద్దరు వచ్చి చేతులు చాపి నిలబడితే చాలు, మాకు దారి లేదు. సగం ఆట అయ్యేసరికి ముప్ఫయి నాలుగు, సున్నా.

ఈ విషయంలో నేను వాళ్ళని ఎప్పుడూ తప్పు పట్టలేదు. చచ్చిన పామును కొట్టడం అని కొందరంటారు. ఆ పిల్లలు ఆట నేర్చుకున్నారు, ఆడారు. వాళ్ళని ఆడించే మేడమ్ బాగా ఆడే పిల్లల్ని ఇద్దరిని కూర్చోబెట్టి చిన్నపిల్లల్ని దింపింది కూడా. మర్యాద అంటే నాకు తెలిసి అంతవరకే. కొత్తవాళ్ళని దింపొచ్చు, ఎడమ చేత్తో వేయడం అలవాటు చేసుకోవచ్చు, తొందరపడకుండా ఆడొచ్చు. అవతలివాళ్ళు కూడా మనుషులే అని గుర్తుపెట్టుకుని ఎన్ని పాయింట్లన్నా వేసుకోవచ్చు. ఆడకపోవడం మాత్రం మర్యాదలోకి రాదు.

మూడో క్వార్టర్‌లో యాభై దాటింది. మాది సున్నా. అప్పుడు కుర్చీలో పెద్దాయన కొంచెం ముందుకి వంగి, ఇంట్లో పిల్లలకి చెప్పినట్టే చెప్పాడు:

"అమ్మాయిలూ, ఒక్కటి వేసుకోనియ్యండమ్మా, పాపం. అంత దూరం నుంచి వచ్చారు. కొసరు ఇచ్చినట్టనుకోండి."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఆయన జీవితమంతా బట్ట కొలిచి, చివర బెత్తెడు వదిలి కత్తిరించిన మనిషి. ఆయన లెక్కలో అది మంచితనం, నిజంగానే మంచితనం. కొసరు వేయని షాపుకి మా ఊరివాళ్ళు కూడా రెండోసారి పోరు.

మళ్ళీ బంతి అక్క చేతికి వచ్చినప్పుడు ఆమె ఎదురుగా ఉన్న పిల్ల, పోనీటెయిల్ వేసుకున్న సన్నటి పిల్ల, రెండు చేతులూ కిందికి దించి ఒక పక్కకి జరిగింది. తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు జరిగింది. వెనకాల ఉన్నామె కూడా జరిగింది. రింగు దాకా ఎవరూ లేరు. అక్క కదల్లేదు. బంతి పొట్టకి ఆనించుకుని అలాగే నిలబడి సారు వైపు చూసింది. సారు కూడా కొసరు మాట విన్నాడు. ఆయన మొహంలో ఏముందో నేను చూశాను. సైకిల్ స్టాండ్ ఉంది.

"వెయ్యి" అన్నాడు, చిన్నగా.

అక్క నడిచి వెళ్ళింది. పరిగెత్తలేదు, నడిచింది. బంతిని నేలకి కొట్టలేదు కాబట్టి రూలు ప్రకారం అది ట్రావెలింగ్ అనే తప్పు. రిఫరీ సారు ఈల నోట్లో పెట్టుకుని కూడా ఊదలేదు, ఆయనా కొసరులో తన వంతు వేశాడు. రింగు కింద నిలబడి వేసింది. పడింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అవతలి జట్టు పిల్లలే. పోనీటెయిల్ పిల్ల వచ్చి అక్క వీపు తట్టింది. పెద్దాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని.

అక్క నేరుగా రిఫరీ దగ్గరికి పోయింది.

"సార్, అది తీసెయ్యండి."

"ఏంది తీసేది?"

"ఆ రెండు పాయింట్లు."

"బంతి రింగులోనుంచి పడిందా లేదా?"

"పడింది. ఆ పిల్ల పక్కకి జరిగింది సార్."

"జరగడం ఫౌల్ కాదమ్మా. పోయి ఆడుకో."

మిగతా ఆటంతా అక్క ఒకే పని మీద ఉంది. నిజమైన బాస్కెట్ ఒకటి వేయాలి. ఎక్కడ బంతి కనబడితే అక్కడికి దూకింది. ఇద్దరి మీద పడింది, ఒకరిని గీరింది. అయిదో ఫౌల్‌కి రిఫరీ బయటికి పంపేశాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంతకు ముందు పాపం అన్నవాళ్ళే "ఏం పిల్లమ్మా అది, మంచి చేస్తే ఇట్టా ఉంటదా" అన్నారు. అరవై ఒకటి, రెండు దగ్గర ఆట ముగిసింది.

చివర్లో రెండు జట్లూ వరసలో నిలబడి చేతులు కలుపుకోవాలి. పోనీటెయిల్ పిల్ల "బాగా ఆడారు" అనుకుంటూ వచ్చింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వెందుకు జరిగావు?"

"అంకుల్ చెప్పారు కదా... కొసరు అని..."

"కొసరు కొన్నోళ్ళకి ఇస్తారు. మేం ఏం కొన్నామని?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగరు పిల్ల కాదు. తను చేసిన తప్పేమిటో నిజంగానే తెలియలేదు. అక్క ఆమె చెయ్యి వదిలేసి, నేరుగా వచ్చి బస్సు ఎక్కింది. సారు వేరుశెనక్కాయలు కొని అందరికీ పంచాడు. అక్క ముందు పొట్లం పెడితే ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

మర్నాడు ప్రేయర్ అయ్యాక హెడ్‌మాస్టరమ్మ మమ్మల్ని పిలిచింది. సారు స్కోరు చెప్పాడు. అరవై ఒకటి సంగతి ఆమె పట్టించుకోలేదు.

"ఎవరు వేశారు గోల్?"

"నేను మేడమ్" అంది అక్క.

"కష్టపడి వేశావా? లేకపోతే వాళ్ళే పోనీలే అని వదిలేశారా?"

ఆమె ఊరికే అడిగిందో, ఎవరైనా ఫోన్‌లో చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. సారు గోడ మీద ఉన్న టైంటేబుల్ చూస్తున్నాడు. నా పక్కన ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు అక్క వైపే చూస్తున్నారు. అక్క ఆ సంవత్సరంతో బడి అయిపోయి వెళ్ళిపోతుంది. కోర్టు ఉన్నా పోయినా ఆమెకి ఒరిగేదేమీ లేదు. నిజం చెప్పేస్తుందనే అనుకున్నాను. నిన్న రిఫరీకి చెప్పిన మనిషి ఈమెకి చెప్పదా?

అక్క మా వైపు ఒకసారి చూసింది.

"చానా కష్టపడ్డా మేడమ్" అంది.

"సరే, పోండి. వచ్చే ఏడు ఇంకొంచెం బాగా ఆడండి."

బండలు మిగిలాయి. సైకిళ్ళు ఎప్పటిలాగే వేపచెట్టు కింద ఉన్నాయి. అక్క మాత్రం ఆ రోజు నుంచి కోర్టులో అడుగు పెట్టలేదు. పది పరీక్షలని చెప్పింది. పరీక్షలు చాలా దూరంలో ఉన్నాయని అందరికీ తెలుసు. సాయంత్రాలు మేం ఆడుతుంటే ఆమె వరండాలో పుస్తకం పట్టుకుని అటు తిరిగి కూర్చునేది. ఒకరోజు నేను పోయి "రా అక్కా, ఎర్రబండ ఖాళీగా ఉంది" అన్నాను.

"నువ్వు నిలబడవే. నాకు వద్దు."

"రెండు పాయింట్లకే ఇంత కోపమా?"

"అవి నావి కాదు, నావని చెప్పా. ఇంక ఆ బంతి పట్టుకుంటే నాకు అదే గుర్తొస్తదే" అంది.

నాకు బాధేసింది. ఆమె అబద్ధం మీద మేం ఆడుకుంటున్నాం అనే సంగతి ఆ సాయంత్రం నాకు బాగా ఎక్కింది. లెక్కల పీరియడ్ కోసం ఆటకొచ్చినదాన్ని, ఆ తర్వాత నిజంగా ఆడటం మొదలుపెట్టాను.

సారుకి కూడా ఏదో ఎక్కినట్టుంది. సున్నం డబ్బా తెచ్చి బండల మీద అడ్డదిడ్డంగా గీతలు గీశాడు, అతుకుల్ని పట్టించుకోకుండా. ఇకనుంచి ఎవరు ఎక్కడ నిలబడాలన్నా గీతల లెక్కే. బండ పేరు ఎత్తితే కోర్టు చుట్టూ రెండు రౌండ్లు. ఎక్కువ రౌండ్లు ఆయనే పరిగెత్తాడు, నోటికి అలవాటైపోయింది కదా. కొన్ని ఆదివారాలు మాచర్లలో ఒక సిమెంటు కోర్టుకి తీసుకుపోయాడు. అక్కడ బంతి కొట్టిన చోటే లేవడం మాకు మొదట్లో నమ్మశక్యం కాలేదు.

మరుసటి ఏడు మళ్ళీ నరసరావుపేట, మళ్ళీ నీలం జెర్సీలు. హ్యాండ్‌బ్యాగ్ తల్లి, కుర్చీలో పెద్దాయన, బత్తాయి తొనలు, అన్నీ ఉన్నాయి. పోనీటెయిల్ పిల్ల ఇప్పుడు వాళ్ళ కెప్టెన్. ఆమె నన్ను గుర్తుపట్టింది, పలకరించలేదు. మేం మళ్ళీ ఓడిపోతున్నామని మొదటి క్వార్టర్‌లోనే తెలిసింది. వాళ్ళది ఇరవై దాటేసరికి మాది ఇంకా సున్నా. పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు.

"అమ్మాయిలూ, పాపం వాళ్ళని ఒక్కటి..."

"అంకుల్, మీరు ఊరుకోండి" అంది పోనీటెయిల్ పిల్ల, వెనక్కి తిరగకుండానే.

అని నా మీదికి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడింది. అంతవరకు నన్ను ఎవరూ అంత శ్రద్ధగా అడ్డుకోలేదు. నేను బంతి నేలకి కొట్టాను, ఒకసారి, రెండోసారి. ఎడమ పక్కకి తిరిగాను. ఆమె మోచెయ్యి నా పెదవికి తగిలింది. వేశాను. బంతి రింగు మీద దొర్లి దొర్లి లోపల పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పోనీటెయిల్ పిల్ల విసుగ్గా చేతులు విదిలించి, బంతి తీసుకుని గీత బయటికి పరిగెత్తింది. ఆ విసుగు చూసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

నలభై ఏడు, తొమ్మిది. మేం ఓడిపోయాం. చేతులు కలుపుకునేటప్పుడు ఆమె నా పెదవి చూసి "సారీ" అంది. "ఎందుకు?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అక్క అప్పటికి ఇంటర్‌లో చేరింది. సెలవు రోజుల్లో వాళ్ళమ్మకి తోడుగా పాలిషింగ్ యూనిట్‌కి పోయేది. మర్నాడు ఆదివారం నేను అక్కడికే పోయాను. మిషన్ హోరు, నేలంతా తెల్లటి బురద. అక్క పైపుతో బండల మీద నీళ్ళు కొడుతోంది. నన్ను చూసి, నా పెదవి చూసి, పైపు పక్కన పడేసింది.

"ఏమే, ఎవరితోనన్నా కొట్లాడావా?"

"ఓడిపోయాం. నలభై ఏడు, తొమ్మిది."

"తొమ్మిదిలో ఎన్ని జరిగి ఇచ్చారు?"

"ఒక్కటి కూడా ఇవ్వలా."

"ఒట్టు?"

"ఒట్టక్కా. పెదవి చూడరాదూ."

"మొదటినుంచి చెప్పు" అంది.

ఆ హోరులో గట్టిగా అరుస్తూ చెప్పాను. ఒక్కోటీ ఎవరు వేశారు, ఎక్కడ నిలబడి వేశారు, ఎదురుగా ఎవరున్నారు, ఎవరు ఎవర్ని తోశారు, అన్నీ అడిగింది. ఫ్రీ త్రో ఒకటుంటే దాని గురించి కూడా ఫౌల్ ఎవరు చేశారో చెప్పమంది. ఎవరు "మీరు ఊరుకోండి" అన్నారో మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. వాళ్ళమ్మ మిషన్ దగ్గర నుంచి "నీళ్ళు పోతన్నయ్యే!" అని కేకేసింది. అక్క వినిపించుకోలేదు. కళ్ళు తుడుచుకుంటే చేతికున్న తెల్లటి బురద మొహం నిండా అయింది.

"అయితే కష్టపడ్డానని మేడమ్‌కి నేను చెప్పింది ఇప్పటికి నిజమైందిలే" అంది.